ఏనుగూ, కుక్కపిల్లా, అక్క చిటికెనవేలూ

లారీ షెడ్డు వెనక గది నుంచి

బావా,

నువ్వు ఫోను చేశావని కోడలు చెప్పింది. ఫోనులో నువ్వు అరుస్తావు, నేను ఆఁ ఆఁ అంటాను, చివరికి ఎవడేం విన్నాడో ఎవడికీ తెలీదు. కాగితమైతే అరవదు. నా రాత కోడి గీకినట్టుందని నవ్వకు. నువ్వు టికెట్ల కిటికీ వెనక కూర్చుని రాత నేర్చావు. నేను లారీల కింద పడుకుని బోల్టులు బిగించాను. అయినా కోడల్ని రాసిపెట్టమని అడగను. నా మాటలకు మర్యాద పూస్తుంది.

అక్క చేతికి కట్టు విప్పారట. మెట్ల మీద జారితే కుడిచెయ్యే ఆనించాలా? ఎడమచెయ్యి చోద్యం చూస్తోందా? వేళ్ళు కొయ్యబారాయనీ, చిటికెనవేలూ దాని పక్కదీ చెప్పిన మాట వినడంలేదనీ, కత్తెర పడితే జారిపోతోందనీ అన్నావట. డాక్టరు పిసకమని ఇచ్చిన రబ్బరు బంతిని కిటికీలోంచి విసిరేసిందట. ఏ చేత్తో విసిరిందో కనుక్కో. కుడిచేత్తో అయితే సగం నయమైనట్టే.

పిల్లల బళ్ళు తెరిచేలోగా కత్తెర పట్టలేకపోతే కుట్టుకొట్టు ఆ సెల్‌ఫోను కవర్లాయనకి ఇచ్చేస్తానందని విన్నాను. అది మాత్రం జరగడానికి వీల్లేదు. మీ వీధి పిల్లల యూనిఫారాలన్నీ అక్క కత్తెర కిందనుంచి బయటికొచ్చినవే. కొట్టు లేకపోతే అక్క అక్క కాదు. ఆ సంగతి నాకంటే నీకే బాగా తెలియాలి. కొట్టు లేకపోతే పొద్దస్తమానం ఇంట్లో నీ ఎదురుగా ఉంటుంది.

అందుకని ఒక పని చేశాను. నా మోకాలికి కసరత్తు చేయించే ఆవిడ, వేళ్ళకి కీబోర్డు వాయించడాన్ని మించింది లేదంది. సంగీతం రాకపోయినా ఫరవాలేదట. ఒక్కో వేలితో ఒక్కో మెట్టు నొక్కుతూ పోవడమే. నల్లవీ తెల్లవీ పళ్ళలాగా ఉంటాయే, వాటిని మెట్లంటారట. మెట్ల మీద చెడ్డ చెయ్యి మెట్ల మీదే బాగుపడాలేమో.

షాపుకి వెళ్ళాను. టై కట్టినవాడొకడు నన్ను తిన్నగా ఒక నల్లటి పెద్దదాని దగ్గరికి తీసుకెళ్ళాడు. "లోపల సుత్తులుంటాయి సార్. మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే గట్టిగా పలుకుతుంది" అన్నాడు. "మెల్లగా నొక్కినా గట్టిగా పలికేది లేదా?" అన్నాను. హారనంటే అట్లా ఉండాలి కదా. వాడు నన్నో రకంగా చూసి ధర చెప్పాడు. నేను కుర్చీ అడిగాను.

తర్వాత చిన్నది చూపించాడు. చంకలో పట్టేంత. బ్యాటరీల మీద నడుస్తుంది. ఈగ వాలినా అరుస్తుంది. ఒక బొత్తాం నొక్కితే డోలు మోగుతుంది, ఇంకోటి నొక్కితే గంట, ఇంకోటి నొక్కితే కుక్క మొరుగుతుంది. పెద్దదానికి మొరగడం రాదట. మరి దానికంత ధరెందుకో వాడికే తెలియాలి. చిన్నది కొని మన షెడ్డు లారీలో పంపుతున్నాను. అక్కని రోజూ కూర్చోబెట్టు. కూర్చోకపోతే నాకు రాయి.

నీ బావమరిది


కుట్టుకొట్టు మీద గది నుంచి

చిరంజీవి బావమరిదికి,

ఆశీస్సులు. నీవు పంపిన సరుకు చేరింది. నీ ఉత్తరమూ చేరింది. సరుకు వాయించడం కంటే ఉత్తరం చదవడమే కష్టమైంది.

ఉన్నమాట చెబుతున్నాను, కోపం తెచ్చుకోకు. నువ్వు పంపింది వాయిద్యం కాదు, బొమ్మ. నేను నిమిరినట్టు నొక్కాను, అరిచింది. చెంపదెబ్బ కొట్టినట్టు నొక్కాను, అంతే అరిచింది. బుజ్జగింపుకీ తిట్టుకీ ఒకే జవాబు. మెట్లు ఎంత సన్నంగా ఉన్నాయంటే నా వేలు పెడితే రెండు కలిసి దిగుతాయి. చేతినిండా మెట్లు ఒకేసారి నొక్కితే మొదట నొక్కినదాన్ని మింగేస్తుంది. ఇక ఆ కుక్క! పొరపాటున ఆ బొత్తాం మీద చెయ్యి పడితే కింద కొట్టు ముందు నిలబడ్డ ఆవిడ చెప్పులు వదిలేసి పరిగెత్తింది.

మీ అక్క మొదటిరోజు కూర్చుంది. అయిదు వేళ్ళతోనూ నొక్కింది, అయిదూ పలికాయి. చిటికెనవేలు కూడా. "పలికిందే!" అంది. ఆ సంతోషంలో నేనొక పెద్దమనిషి పని చేశాను. ఎదురింటి పాటల టీచరమ్మని సలహా అడిగాను. "దీని మీద చెయ్యి బాగుపడదండీ, బరువున్న మెట్లు కావాలి" అందావిడ. పిండి కొద్దీ రొట్టె కదా. మర్నాడే పెద్దది తెప్పించాను. నీకు టైవాడు చూపించాడే, దాని అన్నగారనుకో.

దాన్ని పైకి ఎక్కించడానికి నలుగురు పట్టారు. దాని కాళ్ళు దానికే ఉన్నాయి, మామూలు బల్ల మొయ్యలేదట. కింద కాలితో తొక్కే పెడలుంది. తొక్కిపట్టి ఒక్క మెట్టు నొక్కితే ఆ నాదం గదంతా తిరిగి, నీరసించి, నిద్రపోయినట్టు ఆగుతుంది. ప్రస్తుతం మేం వంటింట్లోకి పక్కవాటుగా వెళుతున్నాం. అది వేరే సంగతి.

మీ అక్క కులాసా. మోకాలు జాగ్రత్త.

బావ


షెడ్డు వెనక గది నుంచి

బావా,

బొమ్మా? నేను పంపింది బొమ్మా?

పిండి కొద్దీ రొట్టె అని సామెత చెప్పావు. రొట్టె తినేదెవరు? పళ్ళు కదిలేవాళ్ళకి మెత్తటి రొట్టె పెడతారా, అప్పడాల కర్ర పెడతారా? నీ పెళ్ళాం చెయ్యి సన్నబడితే నువ్వు ఏనుగుని కొని మేడెక్కించావు. మావటివాడిని కూడా పెట్టావా?

అప్పుడూ ఇంతే నువ్వు. పెళ్ళిచూపులకి అద్దె సూటు వేసుకొచ్చావు, కూర్చుంటే పిగిలింది. మా అక్కే కుట్టింది.

నా ప్రశ్న ఒక్కటే. ఒక్కటే అడుగుతున్నాను, దానికే జవాబు రాయి. నీ ఏనుగు మీద అక్క చిటికెనవేలు పలుకుతోందా లేదా?

కవర్లాయన మళ్ళీ వచ్చాడా?

బావమరిది


కొట్టు మీద గది నుంచి

చిరంజీవి బావమరిదికి,

నీ భాష షెడ్డులో వదిలేసి ఉత్తరం రాయడం నేర్చుకో.

పెద్దదాని గురించి అడిగావు. దానికి చెవులకు పెట్టుకునే గొట్టాలు కూడా ఇచ్చారు. అవి పెట్టుకుంటే వాయించేవాళ్ళకి తప్ప ఇంకెవరికీ వినపడదు. ఎంత మర్యాద! నువ్వు పంపినదానికి గొంతు తగ్గించే బొత్తాం ఉంది గానీ, తగ్గిస్తే బొంగురుపోతుంది. పైగా పెద్దదాని మీద కుడిచేత్తో ఒక వరసా, ఎడమచేత్తో మూడు మెట్లు కలిపీ నొక్కితే వంతెన మీద రైలు వెళ్ళినట్టుంటుంది. మెట్లని పొడిగుడ్డతోనే తుడవాలి. టీచరమ్మ నాకొక పూల తెర ఇస్తానంది, కిటికీ ఎండ పడకుండా. కూర్చునే బల్ల ఎత్తు తిప్పి సరిచేసుకోవచ్చు.

ఇక్కడ ఎండలు మండుతున్నాయి. అంతా క్షేమం.

బావ


షెడ్డు వెనక గది నుంచి

బావా,

చిటికెనవేలి సంగతి అడిగితే కిటికీ తెర సంగతి రాశావు. నేను నలభై రకాల డ్రైవర్లని చూశాను. బండి ఎక్కడ గుద్దావురా అంటే హెడ్‌లైటు బాగానే ఉంది సార్ అనేవాడు బంపరు పోగొట్టుకొచ్చినవాడే.

ఎడమచేత్తో మూడు మెట్లు కలిపి నొక్కుతున్నది ఎవరు? అక్క ఎడమచేతికి జబ్బేమీ లేదే?

నిజం రాయి. లేకపోతే సోమవారం లారీలో ఎక్కి వచ్చేస్తాను. నా మోకాలు, నా కేకలు, నేను. ముగ్గురం వస్తాం.

బావమరిది


కొట్టు మీద గది నుంచి

బావమరిదీ,

ఈసారి ఆశీస్సులు రాయడానికి మనసొప్పలేదు.

మీ అక్క దాని ముందు ఒకే ఒక్కరోజు కూర్చుంది. బొటనవేలు పలికింది. చూపుడువేలు పలికింది. నడిమివేలు సణిగింది. మిగతా రెండూ మెట్టుని దించలేకపోయాయి. దించినా చాలా మెల్లగా దిగింది, సుత్తి లేవలేదు, చప్పుడు రాలేదు. నేను టీచరమ్మనీ, పక్కింటివాళ్ళనీ పిలిచి మరీ కూర్చోబెట్టాను చూడు, అదీ నా తెలివి. అందరూ గుడ్లప్పగించి చూస్తుంటే మీ అక్క చిటికెనవేలితో నొక్కుతూనే ఉంది, గది నిశ్శబ్దంగా ఉంది.

తర్వాత చెయ్యి చీరకొంగులో దాచుకుని, "తమ్ముడు పంపింది ముఖస్తుతి చేసింది. ఇది మొహం మీద చెప్పింది. నయం" అంది. మర్నాడు కవర్లాయన టేపు పట్టుకుని కొట్టు కొలుచుకున్నాడు. కత్తెర ఎక్కడ పెట్టిందో నాకు తెలీదు. బళ్ళు తెరవగానే తాళంచెవి ఇచ్చేస్తుంది.

ఏనుగు ముందు కూర్చుంటున్నది నేను. ఖాళీగా చూడలేక కూర్చున్నాను, లేవలేకపోతున్నాను. ఈ వయసులో నాకు ఇదొక రోగం. నవ్వుకో.

బావ


షెడ్డు వెనక గది నుంచి

బావా,

నవ్వలేదు. కోడలు అన్నానికి పిలిచినా వెళ్ళలేదు.

నీది తప్పే. జనాన్ని పిలిచి చేతిని పరీక్ష పెడతారా? కానీ నాదీ ఉంది. హారన్ కొన్నట్టు కొన్నాను. ముట్టుకుంటే అరిచేది మంచిదనుకున్నాను. బోల్టు ఎంత బిగిసిందో స్పానర్ చెప్పాలి గానీ, తిప్పేముందే బిగిసిపోయిందని చెప్పే స్పానర్ ఎందుకు? ఈ ముక్క ఎవరికీ చూపించకు. చదివి చింపెయ్.

అయితే నీ ఏనుగు కూడా కొత్త కుర్రాణ్ణి తొలిరోజే చక్రం బోల్టు విప్పమన్నట్టు ఉంది. నాకొకటి తోచింది. లోపల సుత్తులున్నాయంటున్నావు కదా, నేను స్పానర్లు తెచ్చి పైమూత విప్పి ఆ రెండు వేళ్ళ కిందొచ్చే సుత్తులు కాస్త అరగదీస్తాను. తేలికవుతాయి. అక్కకి తెలియక్కరలేదు. సోమవారం బయల్దేరుతున్నాను.

బావమరిది


కొట్టు మీద గది నుంచి

బావమరిదీ, రావద్దు! స్పానర్లు అసలే తేవద్దు!

ఇది ఆదివారమే నీ షెడ్డు డ్రైవరు చేతికిస్తున్నాను. ఏమైందో విను.

నాకు తాళం నిలవదు. పెద్దదాంట్లో తాళానికి టిక్కు టిక్కుమనడం తప్ప ఏమీ లేదు, ఆ టిక్కు వింటుంటే నాకు ఆవులింతలొస్తాయి. అందుకని నువ్వు పంపినదాన్ని పెద్దదాని నెత్తిమీద పెట్టి, దాంట్లో డోలు వేసుకుని, దీని మీద వాయించడం మొదలుపెట్టాను. చెవి గొట్టాలు పెట్టుకుంటే డోలు వినపడదు కాబట్టి తీసేశాను. అంటే మొట్టమొదటిసారి నా సంగీతం ఇల్లంతా వినపడింది.

మీ అక్క వంటింట్లోంచి, "ఏమిటా నడక? కుంటుతోందా?" అంది. 

నేను విననట్టు వాయించాను.

"డోలు ముందుకెళుతోంది, మీరు వెనకాల చెప్పులు వెతుక్కుంటున్నారు!"

"తెలిసినట్టు మాట్లాడకు, ఇది సంగీతం" అన్నాను.

"సంగీతమో చట్టుబండలో! నలభై ఏళ్ళు మిషను తొక్కాను. నడక తప్పితే కుట్టు తప్పుతుంది. జరగండి" అంది. పక్కవాటుగా వచ్చి, నన్ను బల్ల మీంచి తోసేసి కూర్చుంది. డోలు బొత్తాలు ఒక్కోటీ నొక్కుతూ పోయింది. ఇది పెళ్ళి ఊరేగింపు, ఇది సర్కసు అంటూ తిట్టుకుంటూ, చివరికి ఒకటి పట్టింది. అచ్చం ఆవిడ కుట్టుమిషను నడక. పాదం దానంతటదే కదిలింది. పెడలు మీద పడింది. పెడలుకీ ఆ తొక్కుడుకీ సంబంధమే లేదు, అయినా నేను నోరు మూసుకున్నాను. కాలు కదిలాక చేతులు ఊరుకుంటాయా? గుడ్డ ముందుకు తోసినట్టు కుడిచెయ్యి మెట్ల మీదికి తోసింది. బొటన, చూపుడు, నడిమి, ఉంగరం, చిటికెన. బొటన, చూపుడు, నడిమి...

చిటికెనవేలు పలకలేదు. మళ్ళీ వచ్చింది. పలకలేదు. నేను అప్పడాల పిండి కలుపుతున్నట్టు నటిస్తూ వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. ఎన్నోసారో మరి, దోమ రెక్కంత చప్పుడు వచ్చింది.

నాకు వినపడింది. ఆవిడకీ వినపడింది. ఆవిడ ఆగలేదు. నేను తుమ్మలేదు.

బావమరిదీ, నీదాని మీద అయితే ఈ చప్పుడూ తక్కిన చప్పుళ్ళూ ఒక్కటే. ఇది చిన్నదని తెలిసింది కాబట్టే రేపు పెద్దదవుతుందేమో చూడాలనిపిస్తోంది. కానీ నీ కుక్కపిల్ల డోలు కొట్టకపోతే ఆవిడ ఈ ఏనుగు దగ్గరికే వచ్చేది కాదు. ఈ వాక్యం నేను ఒక్కసారే రాస్తాను.

బావ


షెడ్డు వెనక గది నుంచి

బావా,

ఆ వాక్యం రెండుసార్లు చదివించాను. ఒకసారి కోడలితో, ఒకసారి డ్రైవరుతో.

స్పానర్లు పెట్టెలో పెట్టేశాను. డోలు ఆగకూడదు. బ్యాటరీలు పంపుతున్నాను, ఒక సంచెడు. అక్క దగ్గర నువ్వేమీ అనకు. బాగుంది అనకు. వస్తోంది అనకు. నిన్నెరుగుదును, రెండు చప్పుళ్ళు వినగానే టీచరమ్మని పిలుస్తావు. ఎవర్నీ పిలవకు. నువ్వు తప్పు వాయిస్తూ ఉండు, అదే నీ వంతు. ఆ పని నీకెవరూ నేర్పక్కరలేదు.

బళ్ళు తెరిచే రోజు దగ్గరపడింది. చప్పుడొచ్చింది సరే, కత్తెర సంగతేమిటి? కవర్లాయన బోర్డు రాయించాడా?

బావమరిది


కొట్టు మీద గది నుంచి

బావమరిదీ,

బోర్డు రాయించాడు. కింద గోడకి ఆనించి పెట్టాడు. అక్షరాలు బావున్నాయి, అదే నా బాధ.

చిటికెనవేలు ఇప్పుడు పిల్లి నడకంత పలుకుతోంది. ఉంగరపు వేలు ముసలి పిల్లి. నేను ఏమీ అనడంలేదు. నిన్న మరీ దారుణంగా వాయించాను, నాకే సిగ్గేసింది. ఆవిడ మూడుసార్లు తోసేసింది.

కత్తెర సంగతి మాత్రం ఎత్తనివ్వడంలేదు. నాకు భయంగా ఉంది.

బావ


కొట్టు నుంచి

ఒరేయ్ తమ్ముడూ,

ఈ ఉత్తరం మీ బావ రాయలేదు, నేనే రాస్తున్నాను. కుడిచేత్తో. వంకర్లున్నాయి. నువ్వు మాట్లాడకు, నీ రాత నేను చూశాను.

ఏనుగనీ కుక్కపిల్లనీ నువ్వు రాసినవీ, మీ బావ రాసుకున్న చిత్తుకాగితాలూ అన్నీ చదివాను. మీ బావ సొరుగుకి తాళం వేస్తాడు, తాళంచెవి సొరుగు మీదే పెడతాడు. సుత్తులు అరగదీస్తావా? నువ్వు ముందు నీ నోరు అరగదీయించుకో.

ఇవాళ పొద్దున బియ్యం డబ్బాలోంచి కత్తెర తీశాను. కవర్లాయన తాళంచెవికోసం వచ్చి కూర్చున్నాడు. ముందుగా మా వీధి మేష్టారి మనవరాలి గౌను గుడ్డ పరిచాను. వాళ్ళమ్మ చెయ్యి బాగయ్యాకే కుట్టమ్మా అని ఎప్పుడో ఇచ్చి వెళ్ళిపోయింది. కవర్లాయన, "మేడమ్, ఆటో ఆగి ఉంది" అన్నాడు. "నా చెయ్యి ఆగితే నీ ఆటో కదులుతుంది, కూర్చో" అన్నాను. మీ బావ పైన డోలు వేశాడు. నేను వెయ్యమనలేదు. వద్దనలేదు.

కత్తిరించాను. నడుము దగ్గర ఒకచోట కత్తెర ఆగింది, చిటికెనవేలు మొరాయించింది. ఊపిరి పీల్చుకుని మళ్ళీ పట్టాను. చివరిదాకా వెళ్ళింది. గీత మీదే వెళ్ళింది. ఒక్కచోట నూలంత బయటికి పోయింది, అది కుట్టులో పోతుంది.

కవర్లాయన గుడ్డ పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "మా పాపకి కూడా రెండు యూనిఫారాలు కుట్టాలి మేడమ్" అన్నాడు. బోర్డు ఆటోలో వేసుకుని పోయాడు. పాప కొలతలు రేపు ఇస్తాడట. పోయిన ఏడాది చేసినంత పని చెయ్యలేను. సగమే ఒప్పుకున్నాను. సాయంత్రానికి చెయ్యి లాగుతుంది. అయినా కొట్టు నాదే.

నువ్వు పంపింది కొట్టులోనే పెట్టుకున్నాను, మిషను పక్కన. పెద్దది మీ బావకి. వాయించుకోనీ. చెవి గొట్టాలు పెట్టుకుంటేనే అన్నం పెడతానన్నాను.

మోకాలికి నూనె రాస్తున్నావా?

అక్క


షెడ్డు వెనక గది నుంచి

అక్కా,

నీ ఉత్తరం వచ్చింది. చదివిపెడతానని కోడలు చెయ్యి చాపింది. ఇవ్వలేదు. షెడ్డులోకి తీసుకెళ్ళి, లారీ మెట్టు మీద కూర్చుని, ఒక్కో అక్షరం వేలు పెట్టి చదివాను. నాకు చదవడం ఆలస్యమవుతుందని నీకు తెలుసు. పొద్దున మొదలుపెడితే అన్నం వేళకి గౌను దాకా వచ్చాను. నడుము దగ్గర కత్తెర ఆగిందన్నావే, అక్కడ నేనూ ఆగిపోయాను. మేస్త్రీ టీ తెచ్చి ఏమైంది సార్ అన్నాడు. వెళ్ళరా అన్నాను.

చివరిదాకా చదివేసరికి షెడ్డు మూసే వేళయింది. చదవడం వేగంగా రానందుకు జన్మలో మొదటిసారి సంతోషించాను.

తమ్ముడు